పిలుపు తలుపు

"ఇంకొక్కసారి అనండి బాబుగారూ. కాస్త నవ్వు మొహంతో అనండి," అంది మంగతాయారు, ద్వారబంధానికి ఆఖరి మర బిగిస్తూ.

ఇంటి యజమాని గొంతు సవరించుకుని, మనిషన్నవాడు లేని వీధి వైపు చూసి "రండి" అన్నాడు. తలుపు కదల్లేదు. సిగ్గుపడుతూనే ఈసారి వియ్యాలవారిని పిలిచినట్టు "రండి రండి" అన్నాడు. తెల్లటి పలక చప్పుడు లేకుండా గోడలోకి జరిగిపోయింది. బయటి వేడి భగ్గున మొహాన కొట్టింది. పలక మళ్ళీ మూసుకుంది.

"అంతేనండి. ఇంక మీ మర్యాదే మీ తాళం," అంది మంగతాయారు. అది తలుపులు తయారుచేసే సంస్థవారు నేర్పిన మాట. నాలుగేళ్ళలో ఆరువందల ఇళ్ళలో ఆ మాట చెప్పింది, చెప్పినప్పుడల్లా ఆమెకు గర్వంగానే ఉండేది.

కాకినాడలో చైత్రమాసం పొద్దున తొమ్మిది గంటలకే నలభై తొమ్మిది డిగ్రీలు. ఇంట్లో చలవ బయటికి పోకూడదని, కర్ర తలుపులూ రెక్కల కిటికీలూ అందరూ పీకించెయ్యాలని నగరపాలక సంస్థ ఉత్తర్వు ఇచ్చి ఐదేళ్ళయింది. కిటికీల స్థానంలో చలవపలకలు వచ్చాయి. వాటికి గడియ లేదు, తెరిచేదీ లేదు. గుమ్మానికి పిలుపు తలుపు వచ్చింది. దానికి పిడి లేదు, తాళంచెవి లేదు. లోపల నుంచి ఇంటివారు "రండి" అంటే బయటివాళ్ళకి తెరుచుకుంటుంది. "వెళ్ళొస్తాను" అంటే లోపలివాళ్ళకి తెరుచుకుంటుంది. దొంగ పీకమీద కత్తి పెట్టి అనిపిస్తేనో? దానికీ ఉపాయం ఉంది. గొంతులో వణుకు పసిగట్టే బెదురుమానిక అనే పరికరం ద్వారబంధంలోనే ఉంటుంది. వణుకు దొరికిందా, తలుపు బిగుసుకుపోయి ఇరవై నాలుగు గంటలు ఎవరు చెప్పినా కదలదు.

పనిముట్లు సర్దుకుంటుండగా ఆమె చెవిపూస మోగింది. అవతల హారిక మామ్మగారు. తాతల కాలం పేర్లు మళ్ళీ మోజైన రోజుల్లో పుట్టింది కాబట్టి ఈమె మంగతాయారు అయింది గాని, ముందు తరం ముసలమ్మలంతా హారికలూ లాస్యలే.

"మంగా, పోయిన నెల మా ఎదురింటి లాస్యకి తలుపు బిగించావు కదే. అది తెరుచుకోవడం లేదు. తేజస్ పోయాడే. తెల్లారి లేచి చూస్తే మంచం మీదే పోయి ఉన్నాడంట. లోపల అదొక్కత్తే ఉంది. తొందరగా రా తల్లీ."

మంగతాయారు బండి మీద ఎలా వెళ్ళిందో ఆమెకే తెలియదు. ఆ దంపతులు ఆమెకు బాగా గుర్తు. తేజస్ గారు కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. తలుపు బిగిస్తున్నంతసేపూ పక్కనే కూర్చుని ఏ మేకు ఎందుకని అడుగుతూనే ఉన్నాడు. లాస్య గారు రెండుసార్లు మజ్జిగ ఇచ్చింది.

వీధిలో ముప్పై మంది దాకా ఉన్నారు. తడి తువ్వాళ్ళు నెత్తిన వేసుకుని, గొడుగుల కింద ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డారు. మరణం ధ్రువీకరించడానికి వచ్చిన డాక్టరు కూడా వాళ్ళలోనే ఉన్నాడు. ఎవరు గుమ్మం దగ్గరికి వెళ్ళినా తలుపు తియ్యటి ఆడగొంతుతో ఒకటే మాట అంటోంది. "ఇంటివారు మిమ్మల్ని పిలవలేదు. దయచేసి వెళ్ళిపోండి."

మంగతాయారు ఒళ్ళు మండిపోయింది. ఏడవడానికి వచ్చినవాళ్ళని పట్టుకుని ఎంత మాట అంటోంది. పలక అంచు తడిమి చూసింది. ఎక్కడా లోపం లేదు. అప్పుడు అర్థమైంది ఆమెకు, తలుపు పాడవలేదని. అది చెప్పింది చెప్పినట్టు పనిచేస్తోంది.

చావింటికి ఎవరూ ఎవరినీ పిలవరు. కబురు తెలిసినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. గుమ్మంలో నిలబడి రండి అనేవాళ్ళు ఉండరు. అన్నారంటే ఇంకో చావుని రమ్మన్నట్టే. వచ్చినవాళ్ళు కాసేపు కూర్చుని చెప్పకుండా లేచిపోతారు, వెళ్ళొస్తాను అనరు; ఇంటివాళ్ళూ ఆ మాట అనరు. ఇది ఈ ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. తలుపు తయారుచేసిన అంతమంది ఇంజనీర్లలో ఒక్కడి ఇంట్లోనూ ఎవరూ చావలేదా? సరే, వాళ్ళ సంగతి అలా ఉంచు, ఆరువందల గుమ్మాలకి బిగించిన నీ బుర్ర ఏమైంది అని తనని తాను తిట్టుకుంది.

సంస్థ సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది. అక్కడి అధికారి గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"మరణం జరిగిందంటున్నారు. ధ్రువపత్రం పంపండి మేడమ్, ఇక్కడి నుంచే తలుపు తెరుస్తాం."

"పత్రం రాయాల్సిన డాక్టరుగారు నా పక్కనే నిలబడ్డారండి. ఆయన లోపలికి వెళ్తేనే కదా రాసేది."

"అయితే డాక్టరుగారిని లోపలికి పిలవమని ఇంటివారికి చెప్పండి."

"అదే కదండీ జరగట్లేదు." మంగతాయారు పళ్ళు బిగబట్టింది. "గుండె నొప్పి వస్తే అంబులెన్సుకి దానంతటదే తెరుచుకుంటుందని మీరే కదా మాకు నేర్పింది?"

"నాడి కొట్టుకుంటున్నంతసేపు తెరుచుకుంటుంది మేడమ్. ఆగిపోయాక అది అత్యవసరం కింద రాదు."

"ఏం మాటయ్యా అది? మరి ఈ వచ్చినవాళ్ళంతా ఏ కింద వస్తారు?"

అవతల ఏదో తిరగేస్తున్న చప్పుడు. "పిలవకుండా వచ్చేవాళ్ళకి మా దగ్గర రెండే వర్గాలున్నాయి. అమ్మకందార్లు, అపరిచితులు. మీరు దాన్ని అంత కష్టం చేసుకోకండి. ఆవిడని ఒక్కసారి రండి అనమనండి, చాలు. చిన్న మాటే కదా."

అంతలో వెనకాల ఎవరో అరుగు మీదికి ఒరిగిపోయారు. డాక్టరు పరుగెత్తి మొహాన నీళ్ళు చల్లాడు. ఆ ఎండలో ఇంకో పావుగంట నిలబడితే మరో నలుగురు పడేలా ఉన్నారు. మంగతాయారు పలక పక్కన, మాటలు లోపలికి వినిపించే మాటజల్లెడ దగ్గర నోరు పెట్టింది.

"లాస్య గారూ, నేనండి, మంగతాయారుని. ఒక్కసారి రండి అనండమ్మా. తలుపు తెరుచుకుంటుంది."

"నోర్ముయ్యవే," అంది హారిక మామ్మగారు వెనక నుంచి. "ఆ మాట దానిచేత అనిపిస్తావా? శవం ముందు కూర్చున్న మనిషి చేత?"

"మరేం చెయ్యమంటారు మామ్మగారూ? ఇక్కడ జనం పడిపోతున్నారు."

లోపల నుంచి లాస్య గొంతు వచ్చింది. "అనకూడదు కదా మంగా."

"తప్పదమ్మా. నా మాట వినండి."

"రండి," అంది లాస్య. ఆ మాట సగంలో ఏడుపుగా మారిపోయింది.

తలుపు కదల్లేదు. ద్వారబంధం చుట్టూ ఎర్రటి గీత వెలిగింది. "ఇంటివారి స్వరంలో బెదురు ఉంది. వారి రక్షణ కోసం ఈ తలుపు రేపు పది గంటల ఇరవై నిమిషాల వరకు తెరుచుకోదు," అంది తలుపు, అదే తియ్యటి గొంతుతో.

వీధిలో అందరూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. మంగతాయారు మళ్ళీ సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది. అదే అధికారి.

"అవునండి, ఇక్కడ కనిపిస్తోంది. బెదురుముద్ర పడ్డాక మాకు కూడా తెరిచే అధికారం ఉండదు. భద్రత కోసమే కదా మేడమ్. రేపటి వరకు ఆగమనండి."

"ఆగమనాలా? చచ్చిపోయిన మొగుడిని ముందు పెట్టుకుని, గది నిండా చలవ పెట్టుకుని, మనిషి మొహం చూడకుండా రేపటిదాకా కూర్చోమనాలా? మీ తలుపు భయాన్నీ ఏడుపునీ ఒకేలా వింటోంది, ఆ సంగతి మీకెవరికీ తట్టలేదా?"

"మీ బాధ అర్థమైంది. నమోదు చేసుకున్నాం."

మంగతాయారు చెవిపూస పీకి జేబులో వేసుకుంది. బండి డిక్కీలోంచి కోతయంత్రం తీసింది. పలకని పట్టి ఉంచే కొక్కేలు ఎక్కడున్నాయో, ఏ మేకు ఎంత లోతుకి దిగిందో బిగించిన చేతికి తెలియకపోదు. పళ్ళచక్రం పలకకి తగలగానే తలుపు హెచ్చరించింది. "ఇది నేరం. బిగింపుదారు అనుమతి రద్దవుతుంది."

"రద్దు చేసుకోవే," అంది మంగతాయారు. పొద్దున బిగించిన ఇంటి యజమాని ఇంకా నవ్వుతూ రండి అంటూ ఉంటాడేమో. ఆ ఇంటికి ఆమె మళ్ళీ వెళ్ళేది లేదు.

ఏడు నిమిషాలు పట్టింది. పలక బయటికి ఒరిగితే నలుగురు పట్టుకుని గోడకి ఆనించారు. ఎండా దుమ్మూ ఇంట్లోకి తోసుకుపోయాయి. ఎవరూ ఎవరినీ పిలవలేదు. చెప్పులు విప్పి ఒక్కొక్కరే లోపలికి వెళ్ళారు. డాక్టరు మంచం దగ్గరికి వెళ్ళాడు. హారిక మామ్మగారు లాస్యని గుండెకి హత్తుకుని కూలబడింది. అప్పుడుగాని లాస్య నోరు తెరిచి ఏడవలేదు.

మంగతాయారు గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆమె చేతులు దుమ్ముకొట్టుకుపోయి ఉన్నాయి. ఆ కోపంలో తను గెలిచినట్టే అనిపించింది. అంతలో లాస్య కళ్ళు తుడుచుకుని ఆమె వైపు చూసి, దగ్గరికి రమ్మని నోటితో అనకుండా చెయ్యి చాపింది. వెళ్ళి పక్కన కూర్చుంటే మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"అన్నాను మంగా," అంది గొణుగుతున్నట్టు. "చావింట్లో కూర్చుని రండి అన్నాను. నువ్వు అనమంటేనే అన్నాను. ఆ మాట తలుపుని కూడా కదల్చలేదు. మరి ఎవరిని పిలిచినట్టు? ఈ వచ్చినవాళ్ళలో ఎవరిని?"

ఒకావిడ తన ఒళ్ళో పిల్లని దగ్గరికి లాక్కుంది. హారిక మామ్మగారు నేల చూపులు చూసింది. ఆవిడకి డెబ్భై ఆరేళ్ళు.

ఇలాంటివన్నీ ఉత్తి నమ్మకాలండీ అనవచ్చు. పొద్దున తొమ్మిది గంటలకైతే మంగతాయారు అలాగే అనేది. ఇప్పుడు లాస్య మొహం చూస్తూ ఆ మాట నోట్లోంచి రాలేదు. ఈవిడ ఇకముందు ఈ వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా తన వల్లేనని లెంపలు వేసుకుంటుంది. ఏ సహాయ కేంద్రం వచ్చి ఆ ముడిని విప్పుతుంది?

"నన్నే పిలిచారమ్మా," అంది మంగతాయారు అందరికీ వినిపించేలా. "బయట నిలబడి అడిగింది నేను. మీరు అన్నది నాతో. అందుకే వచ్చాను. ఇంకెవరికీ ఆ మాటతో సంబంధం లేదు."

లాస్య ఆమె మొహంలోకి చూసింది.

"నీకు పిల్లలున్నారా మంగా?" అని అడిగింది.

"ఇద్దరండి."

ఎక్కడికీ పోనివ్వనన్నట్టు లాస్య ఆ చెయ్యి వదల్లేదు.