పుట్టింటి మెట్లు

నాలుగో మెట్టు అద్దానికి పట్టిన పాకుడును తాయారు మాడిన పాలగిన్నె తోమినట్టు తోముతోంది. కొబ్బరి పీచు ఇంటి నుంచి తెచ్చుకున్నదే. మత్స్యశాఖవారిచ్చిన కంపశోధని యంత్రం అద్దం మీద గుయ్యిమంటూ తిరిగి, పాకుడును ఈ మూల నుంచి ఆ మూలకు సర్ది, "శుభ్రమైనది" అని ప్రకటించి ఊరుకుంటుంది. అచ్చం ఆమె మరిది ఇల్లు ఊడ్చినట్టు.

"నాలుగు గంటల ముప్పై నిమిషాలు," అంది గోడలోని చెవిగొట్టం. "ఎదురీత, సున్నా. ఋతువు ముగియడానికి గంటన్నర."

"తెలుసులేవే," అంది తాయారు.

అది మెట్లెక్కే చేపల్ని లెక్కపెట్టే గణని. దానికి జవాబు చెప్పాల్సిన పని లేదు. కానీ రోజంతా ఒకే గొంతు వింటూ మాట్లాడకుండా ఉండడం ఆమెకు చేతకాదు. మెట్టుకొక చెవిగొట్టం చొప్పున పన్నెండు ఉన్నాయి. పన్నెండూ ఆమె గొంతు ఒక్కటే గుర్తుపడతాయి. ఇంట్లో ఆ మాత్రం గుర్తింపు కూడా లేదు.

మెట్లంటే ఆనకట్ట పక్కన ఒకదాని మీద ఒకటిగా పేర్చిన పన్నెండు సిమెంటు తొట్లు. పైతొట్టి నీళ్లు కిందికి దూకుతుంటే సముద్రం నుంచి వచ్చిన పులస వాటికి ఎదురెక్కి, ఎగువ గోదావరిలో గుడ్లు పెట్టాలి. కాగితాల్లో దీని పేరు మీనసోపానం. గట్టు కింది జాలర్ల పేటలో ఆడవాళ్లకు మాత్రం పులస పురిటికొచ్చే ఆడపడుచు. అందుకే ఎర్రనీరు దిగిన తొలిరోజున మొదటి మెట్టులో చలిమిడి ముద్ద వదులుతారు. "గుర్తు తెలియని పిండి పదార్థం" అని గణని ఏటా ఫిర్యాదు రాస్తుంది. తాయారు ఏటా సంతకం పెడుతుంది.

ఆడపడుచు మూడేళ్లుగా రాలేదు.

రాదని పేటవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఎగువన ఇసుక తోడేసిన గోతులు తట్టలతో పూడ్చారు. గట్టు పొడవునా రెల్లు నాటారు. ఋతువు నాలుగు నెలలూ ఏడేళ్లుగా ఒక్క వల నీట పడలేదు. పురిటిగది సిద్ధం చేసి, వేన్నీళ్లు పెట్టి గుమ్మంలో నిలబడ్డట్టయింది వాళ్ల బతుకు. ఎర్రనీరేమో ఈ ఏడు పదకొండు రోజులే వచ్చింది. మిగతా నీళ్లు ఎగువ చల్లకొలనుల్లో ఉన్నాయి. దేశం జ్ఞాపకాలన్నీ దాచిన యంత్రాలు అక్కడ వేడెక్కకుండా స్నానం చేస్తుంటాయి.

ఈ సాయంత్రం ఆరింటికి సున్నా పడితే వరసగా మూడో సున్నా. మెట్లు శాశ్వతంగా మూసి, ఈ నీళ్లు కూడా వాటి స్నానానికే పంపుతారు.

గణని లెక్క పడేది ఏడో మెట్టులో. దాని గట్టున సింహాద్రి నీళ్లలో పాదం వేలాడేసి కూర్చున్నాడు. ఆమె భర్తకు చిన్నాన్న, డెబ్బై దాటినవాడు. గణని కంటే ముందు తన మడమకే తెలుస్తుందని ఆయన నమ్మకం.

"లేచి టీ తాగు చినమావయ్యా. కాలు నానిపోయి అప్పడం పిండిలా అయ్యింది."

"ఉండెహె. నువ్వు మాట్టాడితే సేప రాదు."

"మాట్లాడకపోతే వచ్చేస్తుందేంటి? మూడేళ్లు నోరు కట్టుకున్నావుగా."

అయిదుంబావుకు ఉన్నట్టుండి సింహాద్రి వీపు నిటారయింది. పాదం కదలలేదు.

"తాయారూ," అన్నాడు, చంటిబిడ్డ నిద్రలేస్తుందేమోనన్నంత మెల్లగా. "వచ్చిందే తల్లీ. కడుపుతో ఉంది. బరువుగా తగిలెళ్లింది."

"ఎదురీత, ఒకటి," అంది గణని. "బరువు రెండు కిలోల నూట యాభై గ్రాములు. జాతి చెప్పండి."

ఈ బురదనీటిలో అద్దం వెనకున్న గణని కన్ను పనిచేయదు గనక జాతి పేరు మనిషే చెప్పాలి. తాయారు పైన వేలాడే పంజరం వైపు చూసింది. ఇలాంటిదే ఒకటి మూడేళ్ల కిందట వచ్చింది. ఆమె సంబరంగా పులస అని అరిచింది. గణని కూడా అంతే సంబరంగా ఏకాకి నిబంధన అమలు చేసింది. ఒంటరిగా వచ్చిన చేపను పన్నెండో మెట్టు దగ్గర పంజరంలో పట్టి, జాతి విత్తనాన్ని మంచులో దాచే శీతగర్భానికి తరలించాలి, మెట్లు మూసేయాలి. ఆ ఏడు ఆఖరి గంటలో ఇంకో చేప వచ్చింది కాబట్టి మెట్లు బతికాయి. మొదటిది మాత్రం పంజరం తాకగానే చచ్చింది. చెయ్యి తగిలితే ప్రాణం వదిలే జాతి అది.

"బొచ్చె అని చెప్పెయ్," అన్నాడు సింహాద్రి. "పైకెళ్లిపోద్ది."

"పైకి వెళ్తే ఏం? సున్నా పడుతుంది. దాని వెనకే తలుపేస్తారు. మళ్లీ సముద్రానికి ఏ దారిన వెళ్తుంది? దాని పిల్లలు ఏ దారిన వస్తాయి?"

"పులసంటే పంజరవే గదా!"

"జాతి చెప్పండి," అంది గణని.

"పులస," అంది తాయారు.

సింహాద్రి ఆమెను ఎప్పుడూ తిట్టని తిట్టొకటి తిట్టాడు.

"ఏకాకి నిబంధన. పంజరం దిగుతోంది. మరొక ఎదురీత నమోదైతే నిబంధన రద్దవుతుంది."

పైన గొలుసు కిర్రుమంది. పులస ఎనిమిదో మెట్టెక్కింది. ఇక నాలుగు మెట్లు.

తాయారు దిగువ నీళ్ల వైపు చూసింది. నీళ్లు తప్ప ఏమీ లేవు. ఆమె కంటే ముందున్న కావలివాడు ఒకసారి విసుగెత్తి, మెట్లలో పడ్డ ఊరకుక్కను పులస అని రాయించాడు. గణని నమ్మింది. ఆ ఏడు లెక్కల్లో ఒక పులస పెరిగింది, కావలివాడి ఉద్యోగం పోయింది. ఆ తర్వాత కుక్కలకూ గేదెలకూ మెడలో గణని గుర్తుపట్టే సంచారబిళ్లలు కట్టి, ఇక మోసం జరగదన్నారు. మనుషులకు కట్టలేదు. ఈ కాలంలో మనిషి ఎదురీదుతాడని ఎవరికీ అనుమానం రాలేదు కాబోలు.

ఆమె చెప్పులు విడిచి, కొంగు నడుముకు బిగించి, కుచ్చిళ్లు కాళ్ల మధ్య నుంచి లాగి వెనక దోపుకుంది.

"ఏటే, ఏం సేత్తన్నావ్?"

"పుట్టింటికెళ్తున్నా."

"నీ పుట్టిల్లు నలభై అడుగుల నీళ్ల కింద ఉందే పిచ్చిదానా!"

"దానిదీ అక్కడే. తోడెళ్తాను."

మొదటి మెట్టులో నీళ్లు ఛాతీ మీద గుద్దాయి. రెండో మెట్టు గోడ అంచు పట్టుకుని పైకి పాకింది. మూడు. నాలుగోదాంట్లో తను తోమిన అద్దం మీద కాలు జారింది. తానింత శుభ్రంగా తోమి ఉండాల్సింది కాదనుకుంది. ముక్కులో బురద. ఆరో మెట్టు దగ్గర సింహాద్రి చెయ్యి చాచాడు. పట్టుకుంటే ఎదురీత కాదని ఆమె తల అడ్డంగా ఊపింది. గట్టు మీద గిన్నెలు కడుగుతున్న ఆడవాళ్లు లేచి నిలబడ్డారు.

ఏడో మెట్టు దాటింది.

"ఎదురీత, రెండు. బరువు అరవై నాలుగు కిలోలు." గణని చాలాసేపు ఆగింది. దాని జీవితంలో అది ఆగడం ఇదే మొదలు. "జాతి చెప్పండి."

పైన పంజరం గొలుసు ఇంకా దిగుతూనే ఉంది. తాయారు నోట్లో నీళ్లు ఉమ్మేసింది. చెప్తే రేపటి నుంచి ఈ గొంతును ఏ గోడా గుర్తుపట్టదు.

"పులస."

"అరవై నాలుగు కిలోల పులస. నిర్ధారించండి."

"పెళ్లయ్యాక కొంచెం ఒళ్లు చేసింది. నిర్ధారిస్తున్నాను."

గొలుసు ఆగింది. మళ్లీ కిర్రుమని పైకి వెళ్లింది. పన్నెండో మెట్టు మీద వెండిలా ఏదో ఒక్క క్షణం మెరిసి, ఎగువ చీకటి నీళ్లలో కలిసిపోయింది.

"జంట నమోదైంది," అంది గణని. "వచ్చే ఋతువు వరకు మెట్లు తెరిచే ఉంటాయి."

సింహాద్రి చప్పట్లు కొట్టాడు, అంతలోనే మానేశాడు. ఎగువన ఆ చేపకు జత లేదని ఆయనకూ తెలుసు. తాయారు ఏడో మెట్టు అంచున వేలాడుతూ రొప్పింది. జంటన్నారు. ఇద్దరూ ఆడవాళ్లేనా అని గణని అడగలేదు. అడగనిది చెప్పడం ఆమె ఉద్యోగంలో లేదు.