పౌర్ణమి నాటి ఫో

చలపతిగారు తన పేరులోనే చలి ఉంది కాబట్టి జర్మనీలోని ఈ డ్రెస్డెన్ చలి తననేమీ చెయ్యలేదని దిగిన రోజునే ప్రకటించి, ఆ ప్రకటన పూర్తికాకుండానే రెండు స్వెట్టర్లు తొడుక్కున్న మనిషి. ఆ బుధవారం పొద్దున్న వాటి మీద మూడోది ఎక్కిస్తుంటే వంటింట్లోంచి ఊర్మిళ కేకేసింది.

“నాన్నా, ముద్దపప్పు, దొండకాయ వేపుడు బల్ల మీద పెట్టాను. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మళ్ళీ ‘ఆకలి లేదే’ అంటే ఊరుకోను.”

“దొండకాయని దండగ చేస్తానా అమ్మాయ్?”

ఊర్మిళ నవ్వలేదు. ఆదివారం ఆయన విమానం ఎక్కేస్తారు. మూడు నెలల వీసాలో మిగిలింది నాలుగు రోజులు. ఇన్నాళ్ళలో తండ్రి తన చేతివంట తృప్తిగా తిన్న పూట ఒక్కటీ లేదు. రోజూ పిట్టమేతే. రెండుసార్లయితే గిన్నె మూత కూడా తియ్యలేదు.

అమ్మ పోయి ఏడు నెలలు. రెసిడెన్స్ కార్డు పొడిగింపుకు టెర్మిన్, అంటే ఇక్కడి ఆఫీసులో అపాయింట్‌మెంటు, దొరకలేదు. అది లేకుండా దేశం దాటితే తిరిగి రానివ్వరు. అలా ఊర్మిళ చివరిచూపుకు వెళ్ళలేకపోయింది. ఆ సంగతి తండ్రి ఒక్కనాడూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఆమెకు ముల్లయి కూర్చుంది. కోపం ఉంది కనుకే తన ఇంట్లో ముద్ద దిగడం లేదనుకుంది. వెళ్ళేలోపు ఒక్క పూటైనా ఆయన కడుపునిండా తింటే చాలు, క్షమించినట్టే.

మధ్యాహ్నం మీటింగు రద్దయి ఆమె ముందే ఇల్లు చేరింది. పప్పు మూత పప్పు మీదే ఉంది. తండ్రి లేరు. చేస్తే ఆయన ఫోన్ సోఫాలోనే మోగింది.

గాబరాగా రోడ్డెక్కి, ట్రామ్ స్టాపు దాటగానే ఆగిపోయింది. మూలనున్న వియత్నాం హోటల్ అద్దం వెనక, ‘ఫో’ అనే నూడుల్స్ చారు పెద్ద గిన్నె ముందు, చేతిలో రెండు పుల్లలతో సాక్షాత్తూ చలపతిగారు! నూడుల్స్‌కీ ఆయనకీ కుస్తీ నడుస్తోంది. నూడుల్సే గెలుస్తున్నాయి.

“నాన్నా!” తలుపు తోసుకుని వెళ్ళింది. “గుడ్డు వేశారని కేకు ముట్టని మీరు ఈ చేపల ఊట తాగుతారా?”

“అరవకే! ఇవాళ ఇందులో చేపా లేదు, చాపా లేదు. టోఫూ, పుట్టగొడుగులూ. ముల్లంగి, కాల్చిన అల్లం, అనాసపువ్వు వేసి కాచిన చారు.”

“వేళాకోళాలొద్దు. ఇంట్లో పస్తు, ఇక్కడికొచ్చి ఫో! ఆ ఫో నన్ను పొమ్మన్నట్టే ఉంది.” “వెళ్ళే ముందు ఒక్క పూట నా చేతి అన్నం తినలేరా?”

వంటగదిలోంచి హోటలామె లాన్ వచ్చింది. నలభై ఏళ్ళ క్రితం ఈ ఊరి కుట్టుపని ఫ్యాక్టరీకి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. ఊర్మిళ చెయ్యి పట్టుకుని గోడమీది కేలండరు దగ్గరికి నడిపించింది. రోజుకో కాగితం చింపే కేలండరు. పెద్ద అంకె కింద చిన్నగా చంద్రుడి లెక్క, పదిహేను.

“ఫోల్‌మోండ్,” అని, పౌర్ణమినాడు తన వంటింట్లోకి చేపా మాంసమూ రానివ్వనని జర్మన్‌లో చెప్పింది. మొదటి గిన్నె పోయినవాళ్ళదట. పైనున్న అరమర వైపు చూపించింది.

అగరొత్తులు, నారింజలు, ఆమె భర్త ఫొటో. దాని పక్కన పాస్‌పోర్టు సైజులో అమ్మ. అమ్మ ముందు చిన్న గిన్నెలో పొగలు కక్కుతున్న ఫో.

“మీ అమ్మ పోయింది పౌర్ణమినాడేగా. నేనొచ్చాక ఇది మూడో మాసికం,” అన్నారు చలపతిగారు. “వచ్చిన వారంలోనే మీ అమ్మ తిథి అనగానే నువ్వు కంచం వదిలేసి బాత్రూంలోకెళ్ళి కొళాయి తిప్పావు. ఏడుపు వినబడదనుకున్నావు. ఇక నీ ముందు దాని ఊసెత్తకూడదనుకున్నా. ఓ పౌర్ణమినాడు ఈవిడ వాళ్ళాయనకి పెడుతుంటే అద్దంలోంచి చూశా. లోపలికొచ్చి నా పర్సులో ఫొటో చూపించా. మా ఇద్దరికీ భాష లేదు, బాధ ఉంది. అర్థమైపోయింది.”

“రాలేదని నామీద కోపమనుకున్నా నాన్నా...”

“పిచ్చిదానా! ఆఖరి రెండు రోజులూ మీ అమ్మ ఒక్కటే అడిగింది. ‘పిల్లకి టెర్మిన్ దొరికిందా?’ అని. టెర్మినంటే ఏంటో దానికేం తెలుసు? నీకు కావలసిందేదో దొరకలేదని, అదీ దాని బెంగ. చెబితే తట్టుకోలేవని దాచా. నీ ఎదుట కూర్చుంటే ఆ మాటే గొంతుకడ్డం పడేది. ముద్దెలా దిగుతుందే?”

ఊర్మిళ గోడకు చేరబడి, పక్క బల్లల వాళ్ళు చూస్తున్నా లెక్కచెయ్యక వెక్కివెక్కి ఏడ్చింది. లాన్ అడ్డుకోలేదు. లోపలికెళ్ళి ఇంకో గిన్నె తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. తమ ఇళ్ళలో చిన్నవాళ్ళు పెద్దలను భోజనానికి రమ్మని పేరుపేరునా పిలిచాకే తింటారని చెప్పి, నువ్వు కూడా పిలవమని సైగ చేసింది.

ఏడు నెలలుగా నోట రాని పిలుపు. ఊర్మిళ అరమర ముందు నిలబడింది. గిన్నె రెండు చేతులా పట్టుకుని పిలిచింది.

“అమ్మా, అన్నానికి రా.”

చలపతిగారు కళ్ళు తుడుచుకుని, బల్ల చివరికంటా జరిగి, పక్కన ఇద్దరికి చోటు చేశారు.