క్వారీలో మూడో పిలుపు

తిరుత్తణి దాటి చిత్తూరు రోడ్డు ఎక్కాక, ఎడంచేతి పక్క మట్టిదారిలో కొంచెం లోపలికి పోతే ఒక పాత రాళ్ల క్వారీ వస్తుంది. పొద్దుగుంకినాక అటు ఎవరూ పోరు. మేకలు తోలుకుపోయేవాళ్లు కూడా ఎండ తగ్గకముందే మళ్లించుకుని చుట్టుదారిన ఇల్లు చేరతారు. ఎందుకని అడిగితే — "ఆడ ఎవురో పిలుస్తారు" అంటారు. అంతటితో మాట మార్చేస్తారు.

పిలిచేవాడు కనిపించడట. "ఎవరన్నా ఉండారా?" అని మూడుసార్లు పిలుస్తాడట. పలికినవాడు మళ్లీ పైకి రాడట. నోరు మూసుకుని కూర్చుంటే మాత్రం మూడో పిలుపు తర్వాత అంతా సద్దుమణుగుతుంది... ఇదీ ఆ క్వారీకి ఉన్న చెడ్డపేరు.

హేమనాథ్‌కి ఈ సంగతి తెలియక కాదు. అతనిది ఆ పక్కనే నేతవాళ్ల ఇల్లు. మగ్గం పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టే అవ్వ అమృతవల్లి దగ్గరే పెరిగాడు. "చీకటి పడినాక మొగం కనపడని మనిషి పిలిస్తే పలకొద్దు నాయనా, ఎంత తెలిసిన గొంతైనా సరే" అని ఆవిడ చెప్పిన మాట అన్నంతోపాటు ఒంటబట్టింది. పెళ్లయ్యాక కూడా అంతే. రాత్రిపూట భార్య జనని వీధిలోంచి పిలిస్తే, వాకిట్లోకి వచ్చి మొహం చూస్తేగానీ పలికేవాడు కాదు. సంచులు మోసుకుంటూ నిలబడిన ఆ పిల్ల ఎన్నిసార్లు తిట్టిందో లెక్కలేదు.

మరి తెలిసీ అక్కడికి ఎందుకు పోయాడంటే — ఫోటోల పిచ్చి.

తిరువళ్లూరులో ఒక స్టూడియోలో అతను పెళ్లిళ్లకి ఫోటోలు తీస్తాడు. పౌడరు పూసిన మొహాలు చూసీ చూసీ విసుగెత్తినవాడు. అతని మనసంతా రాళ్ల మీద. అమెరికా ఎడారుల్లో ఎర్రటి కొండల్ని నదులు కోసేసిన లోయలున్నాయి కదా, రాత్రి అన్నం ముందు కూర్చుని కూడా ఫోనులో వాటినే చూస్తుండేవాడు. అక్కడికి పోయే యోగం తనకి లేదని తెలుసు. "గండికోట ఉంది గదా మనకి" అని సమాధానం చెప్పుకున్నాడు. పెన్నేరు కోసిన ఆ లోయ, అక్కడినుంచి బేలం గుహలు, ఓర్వకల్లు రాళ్లు — కారులో నాలుగు రోజుల ప్రయాణం. కారు అక్క మొగుడు విమల్‌ది. బావకి ఫోటోల గొడవ పట్టదు. దారిలో మంచి భోజనం దొరికితే చాలు.

తిరుత్తణి దాటగానే హేమనాథ్ కారు ఆపమన్నాడు.

"యాడికిరా? పొద్దు గుంకతాంది గదా!"

"క్వారీలోకి బావా. కొత్త పద్ధతి ఒకటి నేర్చుకున్నా. గండికోటకి పోయి ఆడ తప్పు చేస్తే మళ్లీ రాలేం. ఈడ ఒకసారి చేసి చూసుకుంటా. అర్ధగంటే."

విమల్ అటూ ఇటూ చూశాడు. "సరి, పో. ఎవురన్నా పిలిస్తే నా పేరు మాత్రం చెప్పొద్దు" అని నవ్వి, దోమలకి భయపడి అద్దాలు ఎత్తేసి, ఏసీ పెట్టుకుని, ఫోనులో సినిమా తెరిచాడు.

ఆ పద్ధతి ఏమిటంటే — బాగా చీకటి పడినాక కెమెరాని ట్రైపాడ్ మీద బిగించి, షట్టర్ని తెరిచి వదిలేస్తారు. ఆ కన్ను మూయకుండా చూస్తూనే ఉంటుంది. ఫోటో తీసేవాడే టార్చి పట్టుకుని ముందుకు దిగి, గోడకి సున్నం కొట్టినట్టు, కొండకంతా వెలుతురు పూసుకుంటూ నడుస్తాడు. చిత్రమేమంటే, అతను ఫోటోలో పడడు. కదిలేది ఏదీ అందులో నిలవదు. కదలకుండా ఉన్నదే పడుతుంది. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

క్వారీ మెట్లు మెట్లుగా లోపలికి దిగింది. ఒక్కో మెట్టూ మనిషికి రెండింతల ఎత్తు. అడుగున నీళ్లు... ఎంత లోతో ఎవరికీ తెలియదు. హేమనాథ్ పైగట్టు మీద కెమెరా నిలబెట్టాడు. చీకటి చిక్కబడేదాకా ఆగి, షట్టర్ తెరిచి, అది మూసుకోకుండా దాని మీటకి లాకు వేసి, రాళ్లు పట్టుకుని మెల్లగా రెండో మెట్టు మీదికి దిగాడు. టార్చి వెలుగులో ఎర్రరాయి మెరిసింది. అతని ప్రాణం లేచొచ్చింది. వెనక్కి వెనక్కి నడుస్తూ వెలుతురు పూస్తున్నాడు —

కాలి కింద కంకర జారింది.

ఏమవుతుందో తెలిసేలోపే కిందికి పోయాడు. మోచేతులు దోక్కుపోయాయి. ఎక్కడో ఆగాడు. చూసుకుంటే నీళ్లకి కొంచెం పైన, వాలుగా ఉన్న ఒక బండ మీద ఉన్నాడు. కుడి మడమ విరిగిందో, మెలి తిరిగిందో, కదిపితే కళ్లల్లో నీళ్లు వస్తున్నాయి. టార్చి అందనంత దూరంలో రాళ్ల సందున పడి, ఆరిపోకుండా, గోడ మీదికీ అతనున్న బండ మీదికీ వెలుతురు చిమ్ముతోంది. ఫోను కారులో ఉంది.

"బావా! బావోయ్!"

గోడలు అతని కేకని అతనికే తిరిగిచ్చాయి. గొంతు పోయేదాకా అరిచాడు. కారు అద్దాలు మూసి ఉన్నాయని గుర్తొచ్చింది. కొంచెం పైకి పాకుదామని చూశాడు. కింద కంకర మళ్లీ జారింది. రెండు రాళ్లు నీళ్లలో గుబుక్కుమన్నాయి. అతను మాత్రం జారలేదు — వీపు వెనక చొక్కా దేనికో తగులుకుని, గట్టిగా పట్టి ఆపింది. రాతి అంచు అనుకున్నాడు. ఆ రాతికి మనసులోనే దండం పెట్టుకున్నాడు. ఈత రాదు. చొక్కా చిరిగితే పని అయిపోయినట్టే.

అప్పుడు వినిపించింది.

"ఎవరన్నా... ఉండారా?"

పైనుంచి. ముసలి గొంతు. తీరుబడిగా, పనిమాలా సాగదీసి పిలిచిన పిలుపు.

నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. అతను తల ఎత్తి చూశాడు. గట్టు మీద నల్లటి చీకటి తప్ప ఏమీ లేదు. దీపం లేదు, టార్చి లేదు. మనిషైతే ఇంత చీకట్లో దీపం లేకుండా వస్తాడా?

పలికితే పైకి రాడు... పలక్కపోతే ఈ బండ మీద ఎంతసేపు ఉంటాడు?

"ఎవరన్నా ఉండారా?"

రెండోసారి. ఒళ్లంతా వణుకు పట్టింది. జనని మొహం కళ్లముందు ఆడింది. ఇంటిదగ్గర బయల్దేరేటప్పుడు, "రాత్రి చేరంగానే ఫోన్ చెయ్యి" అన్న ఆమెకి సరిగ్గా జవాబు కూడా చెప్పలేదు. బతకాలనిపించింది. అంత బలంగా ఎప్పుడూ అనిపించలేదు. పలుకుదామని నోరు తెరిచాడు. నాలుక లేవలేదు. అవ్వ మాట అంత లోతుగా దిగి ఉంది. రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

"ఎవరన్నా ఉండారా?"

మూడోసారి.

"ఉండా... అన్నా! ఈణ్నే ఉండా!"

ఆ మాట హేమనాథ్‌ది కాదు. అతని చేతులు ఇంకా నోటిమీదే ఉన్నాయి. ఆ మాట వచ్చింది అతని కుడిభుజం పక్కనుంచి, చెవికి ఆనుకుని. మెల్లగా తల తిప్పాడు. టార్చి వెలుతురు ఆ బండ మీద చక్కగా పడుతోంది. బండ ఖాళీగా ఉంది.

పైన గట్టు మీద చెప్పులు లేని కాళ్లు పరిగెత్తిన చప్పుడు. కారు అద్దం మీద దబదబా బాదిన చప్పుడు... విమల్ గొంతు... ఇంకాసేపటికి ఫోను లైటు, దాని వెనక ఒక తాడు.

తాడు నడుముకి చుట్టుకుంటుంటే, వీపు వెనక చొక్కా దానంతట అదే వదులైంది.

పైకి లాగినవాళ్లలో ఒకరు విమల్. ఇంకొకాయన బక్కపల్చని ముసలాయన. ఎలుమలై ఆయన పేరు. ఆ పక్క పల్లెలో మేకలు కాసుకుంటాడు. హేమనాథ్ ఆయన చెయ్యి పట్టి చూశాడు. వెచ్చగా ఉంది, నరాలు తేలి ఉంది. మనిషే! భయమంతా ఒక్కసారి దిగిపోయి ఏడుపొచ్చింది. ఏడ్చేశాడు కూడా.

హేమనాథ్ నడవలేడని, కారునే దగ్గరికి తెస్తానని విమల్ వెళ్లాడు. గట్టు మీద ఇద్దరే మిగిలారు.

"దినామూ పిలిచేది నువ్వేనా పెద్దయ్యా?"

"నేనే నాయనా. నాకీ దారి కండ్లు మూసుకున్నా తెలుస్తాది. దీపం ఎందుకు?" ముసలాయన చతికిలబడ్డాడు. "క్వారీ నడిచే రోజుల్లో నేను కూత మనిషిని. బండకి పేలుడు మందు పెట్టినాక, మూడుసార్లు ఇట్ల పిలవాల. లోపల ఎవురన్నా ఉంటే 'ఉండా' అనాల. ఎవురూ పలక్కపోతే ఎర్రగుడ్డ ఊపాల. ఊపితే పేల్చేస్తారు."

ఆయన ఊపిరి తీసుకున్నాడు.

"ఒకనాడు ఆలిస్యమై చీకటి పడిపాయ. నా తమ్ముడు తంగరాజు అప్పుడే పనికి చేరినాడు. చద్దిగిన్నె మర్చిపోయినా అని లోపలికి పోయినాడంట, నాకు తెలీదు. మూడుసార్లు పిలిచినా. పలకలా. గుడ్డ ఊపినా."

"ఎందుకు పలకలేదు?"

"చీకట్లో మొగం కనపడకుండా పిలిస్తే పలకొద్దని మా అమ్మ మా ఇద్దురికీ చెప్పింది. నా గొంతు పొగలో, గాలిలో వానికి నా గొంతు మాదిరి లేదేమో." ఆయన కళ్లు తుడుచుకోలేదు. "పలికినోడు పోయినాడని ఊళ్లో చెప్పుకుంటారు. పలకనోడు పోయినాడు నాయనా. అందుకే ఇంకెవురూ మిగిలిపోకుండా దినామూ పిలుస్తాండా. ఇన్నేళ్లకి నువ్వు పలికితివి. నా పాపం కొంచెం తీరింది."

హేమనాథ్‌కి అబద్ధం చెప్పాలనిపించింది. ఆ ముసలి మొహం చూస్తూ చెప్పలేకపోయాడు.

"నేను పలకలా పెద్దయ్యా."

ముసలాయన చటుక్కున అతనికేసి తిరిగాడు.

"...మరి 'అన్నా' అనింది ఎవురు?"

హేమనాథ్ కళ్లు కెమెరా మీదికి పోయాయి. అది ఇంకా చూస్తూనే ఉంది. షట్టర్ మూయనేలేదు! జరుక్కుంటూ పోయి మీట లాకు తీశాడు. కటక్ మంది. తెర నల్లగా ఉండి, ఉండి... మెల్లగా బొమ్మ వచ్చింది.

టార్చి వెలుతురు చిమ్మిన గోడ. కింద వాలు బండ. బండ మీద పొగలాంటి మసక — అది హేమనాథే. వణికినంతసేపూ వణికాడు కాబట్టి మొహమూ లేదు, చేతులూ లేవు.

ఆ మసక పక్కన ఒక మనిషి. స్పష్టంగా, అంచులతో సహా. లుంగీ, తలకి చుట్టిన తుండుగుడ్డ. మోకాళ్లు ముడుచుకుని, రవ్వంత కూడా కదలకుండా కూర్చున్నాడు. అతని చెయ్యి ఒకటి ఆ మసక వీపు వెనకకి చాచి ఉంది, పిడికిలి బిగించి.

హేమనాథ్ చెయ్యి తనకి తెలియకుండానే వెనక్కి పోయి చొక్కా తడుముకుంది. గుడ్డ చిరగలేదు. ముడతలు మాత్రం గట్టిగా పడి ఉన్నాయి.

ఎలుమలై తెరకి మొహం ఆనించినంత దగ్గరగా పెట్టి చూశాడు. ఒక్క మాటే అన్నాడు.

"ఆ గుడ్డ నాది. ఎండగా ఉండాదని ఆ పొద్దు నేనే చుట్టి పంపినా."

కారు లైట్లు దగ్గరికి వచ్చాయి. విమల్ దిగి హేమనాథ్‌ని ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ముసలాయన మాత్రం గట్టు మీది నుంచి కదల్లేదు.

"రా పెద్దయ్యా, ఇంటికాడ దింపుతాం" అన్నాడు హేమనాథ్.

"మీరు పోండి నాయనా. నేను ఇంకొక్కసారి పిలిచి వస్తా."

"వద్దు పెద్దయ్యా... ఈ పొద్దుకి వద్దు."

ఆయన అప్పటికే అటు తిరిగాడు. విమల్ ట్రైపాడ్‌ని, కెమెరాని వెనక సీట్లో పడేసి తలుపేశాడు. వచ్చి స్టీరింగు ముందు కూర్చుని తాళం పెట్టాడు. ఇంకా తిప్పలేదు. "ఆస్పత్రికి పోదాం. ముందు నీ కాలు చూపిస్తే తర్వాత గండికోట సంగతి" అన్నాడు.

"బావా, ఆయన్ని ఒంటరిగా వదిలి పోవద్దు. పిల్చుకొని రా. కావాలంటే చెయ్యి పట్టి లాక్కొని రా."

విమల్ అద్దం దించి, చెవి అటు పెట్టి విన్నాడు. తర్వాత నిమ్మళంగా నవ్వి, తాళం తిప్పాడు.

"నువ్వేం బెంగపడొద్దురా హేమూ. ఆయన ఒంటరిగా లేడులే. ఇంకెవురో కుర్రోడు తోడుండాడు... ఇద్దురూ మాట్లాడుకుంటా, లోపలికి దిగుతాండారు."