క్లచ్ పట్టుకున్న చెయ్యి

చీకటి పడుతోంది. వాన. ఎత్తు రోడ్డు.

వెనక పోలీసు జీపు సైరన్!

అతను యాక్సిలరేటర్ మెలిపెట్టాడు. ఇంజన్ గొంతు చించుకుంటోంది... బండిది మాత్రం నత్తనడకే.

"ఏమైంది బావా?" వెనక కూర్చున్న బామ్మర్ది అడిగాడు. నగల సంచి వాడి భుజానికే ఉంది.

"క్లచ్ జారుతోంది."

నడుము లాగేస్తోంది. ఈ పరుగులంటే విసుగెత్తి చాలా కాలమైంది. ఇవాళ అతను వచ్చింది నగల కోసం కూడా కాదు. "వాణ్ణి ప్రాణాలతో ఇంటికి తీసుకురా, చాలు" అంది భార్య. ఆమెకు తమ్ముడంటే పంచప్రాణాలు.

క్లచ్ లివర్‌ని వేళ్ళతో తడిమి చూశాడు. నొక్కగానే మొదట కాస్త వదులుగా కదలాలి. ఆ తర్వాతే బిగువు తగలాలి. ఆ వదులు అతను తన చేత్తో పెట్టుకున్నదే.

ఇప్పుడది లేదు!

కేబుల్ ఎవరో బిగించేశారు. అందుకే లివర్ పూర్తిగా వదిలేసినా క్లచ్ సగమే పట్టుకుంటోంది. చదును రోడ్డు మీద తెలియదు. ఎత్తెక్కేటప్పుడే చతికిలబడుతుంది.

పూచికపుల్ల తీసి పక్కన పెట్టని బామ్మర్ది, పొద్దున బండి కడుగుతానని తీసుకెళ్ళాడు. అప్పుడే అనుమానం రావాల్సింది.

"నువ్వేనా?"

నడుముకి చల్లగా ఏదో తగిలింది. పిస్టల్...

"మలుపులో దింపెయ్ బావా. సందులోంచి పోతాను. నువ్వు దొరికితే వాళ్ళు నాకోసం వెతకరు."

"మరి మీ అక్క?"

"ఏదో సర్దిచెప్తాలే."

అతనికి కోపం కూడా రాలేదు. ఒళ్ళంతా నీరసం వచ్చింది.

మలుపు వచ్చింది. రోడ్డు చదునైంది. బామ్మర్ది అప్పుడే సీటు మీంచి సగం లేచాడు.

అతని ఎడమచేతి బొటనవేలు లివర్ మొదట్లో ఉన్న నట్టు మీదికి వెళ్ళింది. తిప్పాడు. ఇంకోసారి తిప్పాడు. పాత వదులు తిరిగొచ్చింది. క్లచ్ గట్టిగా పట్టుకుంది...

బండి ఒక్క దూకు దూకింది!

బామ్మర్ది రోడ్డు మీద వెల్లకిలా పడ్డాడు.

జీపు ఇంకా కిందెక్కడో ఉంది. ముందు రోడ్డంతా ఖాళీ. పోతే పోవచ్చు.

పోలేదు. బండి తిప్పుకొచ్చాడు. తడబడుతూ లేస్తున్న బామ్మర్దికి సరిగ్గా ఎదురుగా ఆపాడు. గేరు తియ్యలేదు. క్లచ్ నొక్కిపట్టి, ఇంజన్ ఆరిపోకుండా రేజ్ చేస్తూ ఉన్నాడు.

"ఎక్కు."

"గుద్దేయడానికే వచ్చావు." వాడు పిస్టల్ ఎక్కుపెట్టాడు.

"మీ అక్క తలుపు దగ్గరే నిలబడి ఉంటుందిరా. ఎక్కు."

ఆ ఇంజన్ రొదలో వాడికి ఏ మాటా నమ్మబుద్ధి కాలేదు.

ఢాం!

అతను వెనక్కి వాలిపోయాడు. దాంతో యాక్సిలరేటర్ మీది కుడిచెయ్యి మెలితిరిగింది. క్లచ్ మీద ఎడమచేతి వేళ్ళు విచ్చుకున్నాయి.

ఇంతసేపూ బండిని ఆపి ఉంచింది ఆ వేళ్ళే.

బామ్మర్ది పక్కకు జరిగేలోపే బండి వాడి మీదికి దూకింది.