ఆర్నీకి పడిన నవ్వు

షామ్‌బర్గ్ అనే పరదేశపు పట్నానికి అవతల, నది ఒడ్డున ఒక పాత ఊరుంది. అక్కడి రేడియో హాలంటే ఊళ్లోవాళ్లకి హడల్. పొద్దుగూకితే ఆ పక్కకి పోయేవాళ్లు కాదు. లోపల జనం నవ్వుతుంటారని చెప్పుకునేవాళ్లు... తలుపులకి తాళాలు పడి ఏళ్లు గడిచినా.

1982 చలికాలం. ఆ ఊరి వృద్ధాశ్రమంలో దెబోరా నర్సు. బాపట్ల నుంచి ఆ దేశం వచ్చిన మనిషి. దెయ్యాల మాటెత్తితే, "నాకు ప్రభువున్నాడు" అని తన పని తాను చూసుకునే రకం.

ఆమె వార్డులో వెండెల్ అనే ముసలాయన ఉండేవాడు. టీవీలు రాకముందు, ఇంటిల్లిపాదీ రేడియో చుట్టూ చేరే రోజుల్లో, ఆయనా, ఆయన నేస్తం ఆర్నీ ఆ హాల్లోంచే, జనాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, వారంవారం హాస్య కార్యక్రమం నడిపారు. పాటలు, చిన్న నాటికలు, మధ్యమధ్య వీళ్ల జోకులు. వెండెల్ ప్రశ్న వేసేవాడు. ఆర్నీ జవాబు చెప్పేవాడు. జనం విరగబడి నవ్వేవాళ్లు— ఆర్నీ జవాబుకి.

"నా మాటకి ఎవరూ నవ్వలేదమ్మా," అనేవాడు వెండెల్. "ఆర్నీ పోయాక ఒక్కణ్ణే చేశాను. అప్పుడూ నవ్వలేదు. ప్రోగ్రాం ఎత్తేశారు."

డాక్టర్లు ఆశ వదులుకోమన్నారు. చివరిసారి ఆ స్టేజీ ఎక్కించమని ఆయన బతిమాలాడు. కాదనలేక దెబోరా వాచ్‌మన్‌తో తాళం తీయించింది. వాచ్‌మన్ గుమ్మం దాటి లోపలికి రాలేదు.

అప్పటికే చీకటి. వీల్‌చెయిర్ స్టేజీ మీదికి చేర్చి, దెబోరా టార్చి వేసింది. దుమ్ము పట్టిన కుర్చీలు... వరసలు వరసలుగా. ఒక్క మనిషి లేడు.

వెండెల్ గొంతు సవరించుకున్నాడు.

"నీకిక టైం లేదన్నాడు మా డాక్టరు. నన్ను బయట రెండు గంటలు కూర్చోబెట్టి మరీ."

చప్పుడు లేదు. దెబోరా ఆయన కోసమైనా నవ్వాలనుకుంది. పెదవులు కదల్లేదు.

ఆయన తల వాలిపోయింది. పక్కనున్న ఖాళీ చోటు వైపు తిరిగి గొణిగాడు—

"నువ్వేమంటావ్, ఆర్నీ?"

నిశ్శబ్దం. ఒక మనిషి జవాబు చెప్పడానికి పట్టేంత సేపు...

అంతే. హాలు ఒక్కసారిగా ఘొల్లుమంది. ముందు వరసల్లోంచి, బాల్కనీలోంచి, గోడల్లోంచి— నవ్వు. చప్పట్లు. కుర్చీల కిర్రుకిర్రు.

దెబోరా వీల్‌చెయిర్ పట్టుకుని బయటపడాలనుకుంది.

వెండెల్ హాలు వైపు చూడటం లేదు. ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. ఆయన కళ్లలో భయం లేదు... ఉన్న కాస్త ఆశా ఆరిపోయింది.

"నువ్వు కూడానా, అమ్మా?" అన్నాడు మెల్లగా.

అప్పుడు తెలిసింది దెబోరాకి— అన్నిటికన్నా దగ్గరగా వినిపిస్తున్న నవ్వు ఎవరిదో.

ఆర్నీ ఏమన్నాడో ఆమెకి ఒక్క ముక్క వినపడలేదు. అయినా పొట్ట పట్టుకుని నవ్వుతోంది... ఆపుకోలేక.