హైమ మొక్కుకోని మొక్కు

ఆ ఆదివారం పొద్దున కుళాయి నీళ్ళు ఆగిపోకముందే సన్యాసమ్మ స్నానం ముగించుకుని, గోడనున్న సింహాచలం అప్పన్న పటానికి చందనం బొట్టు పెట్టింది. వంటగదిలో అట్లు చల్లారిపోతున్నాయి. కూతురు హైమ మాత్రం టీవీ మీద దుమ్ము తుడుస్తూ ఉంది.

"తినీయే. రాయిలాగ అయిపోతన్నాయి."

"ఆట అయ్యాక తింటానమ్మా."

"సాయంత్రం దాకానా? ఇయ్యాల శివరాత్రి కాదు, ఏటీ కాదు."

"ఇవాళ ఆఖరి ఆట. గెలిస్తే ఛాంపియన్లు. పద్దెనిమిదేళ్ళ తర్వాత."

వరండాలో టీ తాగుతున్న తండ్రి మల్లేశు నవ్వాడు. "ఆళ్ళు ఇటలీలో కడుపునిండా తిని ఆడతారు. ఈవిడేమో టాలాలో పస్తు."

మల్లేశు కలకత్తా కార్పొరేషన్ మనిషి. టాలా నీళ్ళ టాంకు దగ్గర వాల్వులు తిప్పే పని. శ్రీకాకుళం నుంచి తండ్రి వెంట వచ్చినప్పటి నుంచీ ఎరుపూ పసుపూ చొక్కాల ఈస్ట్ బెంగాల్ ఫుట్‌బాల్ జట్టు అంటే ప్రాణం. హైమ చిన్నప్పుడు ఆమెను భుజాల మీద ఎక్కించుకుని మైదాన్‌కి తీసుకువెళ్ళేవాడు. క్వార్టర్లకు కేబుల్ వచ్చిన కొత్తలో, ఒక ఆదివారం సాయంత్రం, ఎక్కడో దూరదేశపు ఆటలో అవే ఎరుపూ పసుపూ చొక్కాలు హైమకు కనిపించాయి. అది రోమ్ నగరం జట్టు. పేరు రోమా. అప్పటికి ఆమె హైస్కూల్లో ఉంది.

ఇప్పుడు సాల్ట్ లేక్‌లో ఒక ఆఫీసులో ఉద్యోగం చేస్తోంది. ఇన్నేళ్ళలో ఆ జట్టు గెలిచింది తక్కువ, ఆమె బాధపడింది ఎక్కువ. ఆ వీధిలో బ్రెజిల్ అభిమానులున్నారు, అర్జెంటీనా అభిమానులున్నారు. రోమా మనిషి మాత్రం ఆమె ఒక్కతే. పిల్లలు ఇటలీ దీదీ అని పిలిచేవారు. ఆటలున్న ఆదివారాలు ఆమె ఇంటినుంచి కదలదు. పెళ్ళి కుదిరాక కూడా అంతే. పెళ్ళికొడుకుది ఖరగ్‌పూర్, రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం. ముహూర్తం శ్రావణంలో.

సాయంత్రం దీపాల వేళ ఆట మొదలైంది. సన్యాసమ్మ దీపం పెట్టి, ఆ గదిలోనే ఒక మూల కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచింది. తెర మీద ఏం జరుగుతోందో ఆమెకు ఎప్పుడూ అర్థం కాదు. కూతురి ముఖం చూసి గెలుపో ఓటమో తెలుసుకునేది. ఆట ముగియకముందే అక్కడి జనం మైదానంలోకి తోసుకొచ్చేశారు. వాళ్ళను బయటికి పంపి మళ్ళీ ఆడించారు. చివరికి హైమ లేచి, తల్లి ఒళ్ళోని చిక్కుడుకాయలు చెల్లాచెదురయ్యేలా ఆమెను వాటేసుకుంది.

"అమ్మా, మాఘంలో ఒకరోజు అన్నం తినకుండా ఏడ్చాను చూడు. అప్పుడు ఓడిపోయారు. ఈ ఒక్కసారి గెలిస్తే చాలు, ఇంకేమీ అడగననుకున్నాను. నా కోరిక తీరిందమ్మా."

కింద పడ్డ కాయలు ఏరబోయిన సన్యాసమ్మ పటం వైపు చూసింది.

మాఘంలో ఆ రోజు ఆమెకు బాగా గుర్తుంది. సందెవేళ కూతురు దీపం కూడా వేసుకోకుండా మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడుస్తోంది. ఏమిటే అంటే ఏం లేదంది. పెళ్ళి మాటలు అప్పుడే మొదలయ్యాయి. ఖరగ్‌పూర్ అబ్బాయి వచ్చి చూసి వెళ్ళాడు, వాళ్ళ నుంచి కబురు రాలేదు. పిల్ల ఆ అబ్బాయి మీద మనసు పెట్టుకుందని సన్యాసమ్మ అనుకుంది. పటం ముందు చేతులు జోడించి, "అప్పన్నబాబూ, దాని మనసులో ఏటుందో అది తీరితే, దాని తలనీలాలు నీకిత్తాను" అని మొక్కేసింది. సంబంధం కుదిరాక, పెళ్ళయ్యి ఏడాది తిరిగాక చూసుకోవచ్చులే అనుకుంది.

కోరిక అది కాదు. ఇది. ఇప్పుడు తీరింది. మొక్కు మీద పడింది. కన్నవాళ్ళు మొక్కిన మొక్కు, పిల్ల మరో ఇంటికి వెళ్ళకముందే తీర్చాలి.

హైమ తిని పడుకున్నాక, రాత్రి భోజనం దగ్గర మల్లేశుకు చెప్పింది. అతను ముద్ద కలుపుతూ ఆగాడు.

"ఆ ఊరోళ్ళకి ఆళ్ళ దేవుడు లేడేటి? ఆళ్ళు మొక్కుకోలేదేటి? మనప్పన్నే ఎల్లి గెలిపించాడంటావా?"

"నాకేటి తెలుసు? ఎవుల దేవుడు ఎక్కడిదాకా ఎల్తాడో నాకు తెల్దు. నానడిగాను, అది జరిగింది. కాదనీసి ఊరుకోడానికి నాకు ధైర్యం లేదు."

"పిల్లకి సెప్పావా?"

సన్యాసమ్మ తల అడ్డంగా ఊపింది.

ఆషాఢం పడకముందే రావాలని పెళ్ళికొడుకు తల్లి మంగాదేవి బుధవారం వచ్చింది. హైమ ఆఫీసుకు సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. టీ తాగాక మంగాదేవి సంచిలోంచి పసుపు దారం తీసింది.

"మా దగ్గర పూలజడ కట్టే ఆవిడుంది వదినా. జడ కొలతిస్తే సాలంది. అటు తిరగమ్మా." జడ సాగదీసి చూసి మురిసిపోయింది. "నడుం దాటింది. మా వంశంలో ఎవులికీ లేదు ఇంత జడ."

"కొలవకు వదినా," అంది సన్యాసమ్మ.

ఇద్దరూ ఆమె వైపు చూశారు. ఇక దాచడం ఆమె వల్ల కాలేదు. మొక్కు సంగతి చెప్పేసింది.

మంగాదేవి నెమ్మదిగా అడిగింది. "ఎవులికి బాగులేక మొక్కావు?"

"అందరికీ బాగానే ఉంది."

"మరేటి?"

"బంతాటలో గెలిచారు."

మంగాదేవి హైమ వైపు తిరిగింది. "ఎవులు, మీ సుట్టాల కుర్రాళ్ళా?"

"కాదత్తయ్యా. ఇటలీ వాళ్ళు."

మంగాదేవి దారం చుట్టసాగింది. "పీటల మీద గుండుతో పెళ్ళికూతుర్ని చూస్తే మావోళ్ళు అక్షింతలు వేస్తారా, ఎవులు పోయారని పలకరిస్తారా? మూడు కత్తెర్లిచ్చీండి. ఆడపిల్లలకి అది సాలు."

"అలా మొక్కలేదు వదినా. మొత్తం ఇత్తానన్నాను."

"అయితే ఆ జుత్తు పెరిగాకే ముహూర్తం పెట్టుకుందాం. అందాకా మావాడు ఆగుతాడో లేదో నాను సెప్పలేను." దారం సంచిలో వేసుకుని ఆమె హౌరాలో బండి అందుకోడానికి లేచింది.

గుమ్మం దాకా వెళ్ళి వచ్చిన తల్లితో హైమ గట్టిగా మాట్లాడలేదు. అదే సన్యాసమ్మను భయపెట్టింది.

"నా జుత్తు నన్నడక్కుండా ఎలా ఇచ్చేశావమ్మా?"

"తల్లిని. పిల్లల కోసం తల్లులే మొక్కుతారు. నీకు అమ్మోరు పోసినప్పుడూ నానే మొక్కాను."

"అప్పుడు నాకు మాటలు రావు. ఇప్పుడు వచ్చు కదా. ఏడుస్తున్నానని దేవుడి దగ్గరికెళ్ళావు. నేను పక్క గదిలోనే ఉన్నాను. ఎందుకేడుస్తున్నావని నన్నే ఇంకోసారి అడిగి ఉండొచ్చు."

"అడిగితే ఏం లేదన్నావు."

"ఎన్నేళ్ళు చూశానమ్మా ఆ ఆట, నీ కళ్ళముందే. అది నా కోరికని నీకు తోచనేలేదు. నాకు కోరికంటే పెళ్ళొక్కటే ఉంటుందనుకున్నావు."

హైమ లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. మల్లేశు డ్యూటీ నుంచి వచ్చి, భార్య ముఖమూ మూసిన తలుపూ చూసి, చొక్కా విప్పకుండానే మళ్ళీ బయటికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం సన్యాసమ్మ పటం ముందు చాలాసేపు కూర్చుంది. తను అప్పన్న నిజరూపం చూసింది జీవితంలో ఒక్కసారి, అక్షయ తదియనాడు, జనం తోపులాటలో, రెప్పపాటు. మిగతా రోజుల్లో స్వామి చందనం కిందే ఉంటాడు. అదీ ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల. ఆ రెప్పపాటుతోనే ఇన్నేళ్ళూ దీపం పెడుతోంది. తనను చూసి ఎవరూ నవ్వలేదు. కూతురు పస్తుంటే మాత్రం ఇంటిల్లిపాదీ నవ్వారు. ఆ నవ్వులో తనదీ ఉంది.

లేచి తలుపు తోసింది. మంచం అంచున కూర్చుంది.

"సెప్పు. ఆళ్ళెవరు? నీకేటవుతారు?"

హైమ కొద్దికొద్దిగా చెప్పింది. గెలవరని తెలిసినా చూడటం, ఎవరెవరి కాళ్ళకు దెబ్బలు తగిలాయో, ఎవరు డబ్బుకు వేరే జట్టుకు పోకుండా ఉండిపోయారో. "వాళ్ళకి నేనున్నానని తెలీదమ్మా. ఎప్పటికీ తెలీదు."

"తెలీకపోతే నీకు బాధ లేదేటి?"

"లేదు. గెలిచారు కదా."

సన్యాసమ్మ కూతురి జడ చేతిలోకి తీసుకుంది. హైమ అంది, "నేనే ఇస్తానమ్మా. ఆలోచిస్తే కోపం పోయింది. ఇన్నేళ్ళూ వాళ్ళ కోసం కూర్చుని చూడటం తప్ప నేను చేసిందేముంది? జుత్తు మళ్ళీ వస్తుంది. అతను ఆగకపోతే పోనీ."

"ఒద్దు. మొక్కింది నాను, నీ నోటంట రాలేదు. నీ తల మీద నాకు హక్కుందనుకున్నాను, అదే తప్పు. నా తల ఇత్తాను."

"అప్పన్న ఒప్పుకుంటాడా?"

"తెల్దు. ఎల్లి అడుగుదాం."

మర్నాడు మల్లేశు బూత్ నుంచి ఖరగ్‌పూర్‌కు ఫోను చేశాడు. మంగాదేవి అంతా విని, "తల్లి గుండుతో పెళ్ళి పందిట్లో తిరిగితే నలుగురూ అడుగుతారు. ఏం సెప్పుకుంటారో మీరే సెప్పుకోండి. జడ కొలత మాత్రం పంపండి" అంది.

ఆషాఢంలో తల్లీ కూతుళ్ళు సింహాచలం వెళ్ళారు. సన్యాసమ్మ మెట్ల మీద కూర్చుని తల వంచింది. క్షురకుడు రెండు దోసిళ్ళ నీళ్ళు పోసి కత్తి అందుకున్నాడు. పొడవైన పాయలు ఒక్కొక్కటే ఒళ్ళో పడుతుంటే హైమ చూడలేక ముఖం తిప్పుకుంది. "సూడవే, ఏం కాదు. సల్లగుంది," అంది తల్లి.

స్నానం చేసి, తలకు చందనం రాసుకుని, వరుసలో నిలబడి లోపలికి చేరారు. అర్చకుడు పళ్ళెం అందుకుంటూ అడిగాడు.

"మొక్కు ఎవరి పేరున అమ్మా?"

"పదకొండు మంది బాబూ. మగపిల్లలు. పేర్లు మా అమ్మాయికి తెలుసు."

"గోత్రం?"

హైమ తల్లి వైపు చూసింది.

"ఆళ్ళ గోత్రం మాకు తెల్దు," అంది సన్యాసమ్మ. "మా గోత్రమే సెప్పండి."

వెనక జనం తోసుకుంటున్నారు. అర్చకుడు సన్యాసమ్మ చెప్పిన గోత్రం చదివి, ఊఁ అన్నట్టు హైమ వైపు తల ఊపాడు. ఆమె గోల్‌కీపర్‌తో మొదలుపెట్టింది. రెండో పేరు చెబుతూ కళ్ళు తుడుచుకుంది. సన్యాసమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"నిదానంగా సెప్పమ్మా," అంది. "నానూ వింటన్నాను."