కుక్క గదిలో వాల్వు

మా పంచదార మిల్లులో, పాకం బట్టీల కింద ఒక నేలమాళిగ ఉంది. దానికి తాళం లేదు. ఎవరూ దిగరని అందరం చెప్పుకుంటాం కాబట్టి తాళం అవసరం పడలేదు.

మా తుకుమాన్ రాష్ట్రంలో ఏ మిల్లుకి వెళ్ళినా ఇలాంటి గది ఒకటి ఉంటుందట. అందులో ఫమిలియార్ అనే నల్లకుక్క గొలుసు ఈడ్చుకుంటూ తిరుగుతుందట. పాత యజమాని ఎవడో సాతానుతో ఒప్పందం చేసుకుని తెచ్చిపెట్టాడట. చెరకు సీజనుకి ఒక కూలివాణ్ణి మింగితే గాని దాని ఆకలి తీరదట. ఇవన్నీ మేం ఉగ్గుపాలతో నేర్చుకున్నవి. నమ్ముతారా అని అడిగితే నమ్మమనే చెప్తాం. దిగమంటే మాత్రం అందరికీ ఒకేసారి నడుం నొప్పి వస్తుంది.

ఆ ఏడు ఆగస్టులో కుక్క మూలగడం మొదలుపెట్టింది.

ముందు సన్నగా... హూఁ... అని. తర్వాత దీర్ఘాలు తీస్తూ. మధ్యమధ్య గొలుసు చప్పుడు. పొద్దు వాలితే ఆ మూలుగుకి బట్టీల దగ్గర నేల కూడా అదిరేది.

అదే సమయానికి బట్టీలకొచ్చే ఆవిరికి పిచ్చెక్కింది. గేజి ముల్లు ఒకచోట నిలవదు. కాసేపు పాకం పొంగిపోతుంది, కాసేపు ఉడకనే ఉడకదు. బాయిలరు నుంచి ఆవిరి మహా జోరుగా వస్తుంది. ఆ జోరు తగ్గించి బట్టీలకి సమంగా పంపే వాల్వు ఒకటుంది. అది ఎక్కడుంది? ఇంకెక్కడ — ఆ గదిలోనే.

మేనేజరు ఇలారియో దొర ఫిట్టరు రోసెందోని పిలిచాడు.

"రేప్పొద్దుటికి ముల్లు నిలబడాలి. లేదా, కోర్దోబా పట్నం నుంచి మెకానిక్కుల్ని పిలిపిస్తా. నువ్వు మళ్ళీ చెరకు నరుక్కుందువుగాని."

రోసెందోకి దెయ్యం కంటే చెరకు తోటంటే భయం. కుర్రతనమంతా వంగి నరికి నరికి, నానా తంటాలు పడి స్పానరు పట్టే ఉద్యోగం సంపాదించుకున్నాడు. ఇప్పుడు బొజ్జ కూడా వచ్చింది. ఆ బొజ్జతో మళ్ళీ తోటలో వంగితే చుట్టుపక్కలవాళ్ళు కత్తులు పక్కనపెట్టి నవ్వుకుంటారని అతనికి బాగా తెలుసు.

పైగా నోరొకటి. సీజను మొదట్లో, మాంసం కాల్చుకుని వైను తాగుతున్న చోట, "కుక్కా లేదు, నక్కా లేదు. మీరంతా పిరికి సన్నాసులు" అని అందరి ముందూ అనేశాడు. ఆ మాట ఇప్పుడు కక్కలేడు, మింగలేడు.

"ఒరేయ్ కసిమీరో, దీపం పట్టుకుందువుగాని, రారా," అన్నాడు మెల్లిగా. కసిమీరో అతని బావమరిది, పాకం వండే పని.

"నేనెందుకు బావా? పిరికి సన్నాసిని. నీకడ్డం."

పక్కవాళ్ళు కిసుక్కుమన్నారు.

ఉడుకుతున్న పాకం దించేదాకా ఆవిరి ఆపడానికి వీల్లేదు. అది దించేసరికి చీకటి పడింది. కుక్క ఎదురైతే శిలువ చూపించి కత్తి తియ్యాలంటారు మా వాళ్ళు. మధ్యాహ్నం భార్య ఎదెల్మీరా శిలువ ఇవ్వబోతే రోసెందో నవ్వి, ముసలమ్మ మాటలని కొట్టిపారేశాడు. ఇప్పుడు అతని రెండు జేబుల్లో రెండు శిలువలున్నాయి. కత్తి బూటులో ఉంది.

మెట్లు దిగాడు... హూఁ...

"వస్తున్నానమ్మా," అన్నాడు, ఎవరితోనో తనకే తెలీకుండా.

దీపం ఎత్తి చూశాడు. గొలుసు నిజంగానే ఊగుతోంది. ఒళ్ళు ఝల్లుమంది. మరుక్షణం సిగ్గేసింది. పైకప్పు దగ్గరున్న, ఆవిరి ఆపే చక్రం తిప్పడానికి వేలాడదీసిన గొలుసది. ఆవిరి అదురుకి గోడకి కొట్టుకుంటోంది. ఒరేయ్ రోసెందో, ఈ గొలుసుకి నూనె పెట్టేది నువ్వేరా, అని తన్ని తానే తిట్టుకున్నాడు.

ఆ గొలుసే లాగి ఆవిరి ఆపాడు. మూలుగు ఆగింది. కూతపెట్టేది వాల్వేనని బుద్ధికి తెలిసిపోయింది. అయినా కాళ్ళు మెట్ల వైపే లాగుతున్నాయి. కాళ్ళకి ఫిట్టరు పని రాదు కదా.

మిగిలిన ఆవిరి వదిలేసి, చల్లారనిచ్చి, వాల్వు విప్పాడు. జాలీలో తుప్పు దులిపాడు. లోపలి బిళ్ళ, అది కూర్చునే చోటు తుడిచి, గీత ఉందేమోనని గోటితో తడిమి చూశాడు. లేదు. అన్నీ సక్రమంగా ఉన్నాయి. మళ్ళీ బిగించి, ఆవిరి మెల్లమెల్లగా వదిలి, పైనున్న స్క్రూ కొంచెం కొంచెం తిప్పుతూ గేజి చూశాడు. ముల్లు లేచింది... నిలబడింది...

హూఁ... హూఁ... హూఁ...

ముల్లు మళ్ళీ గంతులేసింది. రోసెందోకి ఏడుపొచ్చింది. చెరకు తోట కళ్ళముందు కనపడింది. స్క్రూ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఎటు తిప్పినా అదే మూలుగు. ఆఖరికి దేవుడి మీద భారం వేసి, చెమట తుడుచుకుంటూ, స్ప్రింగు మీదుండే ఇనప డిప్ప దగ్గర దీపం పెట్టాడు.

ఆ డిప్పకి పక్కన చిన్న బెజ్జం ఉంటుంది. లోపల పల్చటి రేకు పైకీ కిందికీ ఆడినప్పుడల్లా గాలి ఆ బెజ్జంలోంచే వచ్చిపోవాలి. లేకపోతే రేకు సరిగా ఆడక ఆవిరి అదుపు తప్పుతుంది. బెజ్జం కనపడలేదు. ఏదో కుక్కి ఉంది.

కత్తి మొనతో పెళ్ళగించాడు. మేం పనిలో బుగ్గన పెట్టుకునే కోకా ఆకు, నమిలిన ముద్ద ఊడిపడింది. సోంపు వాసన. సోంపుతో కలిపి నమిలేది మిల్లు మొత్తానికి కసిమీరో ఒక్కడే. ఇంకా తవ్వాడు. మొక్కజొన్న పిండి. దాని వెనక సిగరెట్టు పీక, బంగారు పట్టీది. అది తాగేది ఇలారియో దొర. దాని వెనక ఇంకా ఆకులు, ఎవరెవరివో.

రోసెందో నేల మీద కూలబడ్డాడు.

ఆగస్టు వస్తే మేం పచమామకి, అంటే భూమి తల్లికి, తిండి పెడతాం. నేలలో గొయ్యి తీసి, దాని నోట్లో ఆకు, అన్నపానాలు వేస్తాం. సిగరెట్టు వెలిగించి ఇస్తాం. ఎవడో ఈ బెజ్జం దగ్గర సిగరెట్టు పెట్టినట్టున్నాడు. బెజ్జం పొగ పీల్చింది. తర్వాత వదిలింది. ఇంకేం కావాలి? లోపలున్నది తిండికి నోరు తెరిచిందని చెవులు కొరుక్కున్నారు. కూలివాణ్ణి మింగకుండా దీంతో సరిపెట్టుకుంటుందని, ఒకడికి తెలీకుండా ఒకడు, పట్టపగలు దిగి వచ్చి పెట్టిపోయారు. ఆకలి తీర్చబోయి ఊపిరి ఆపేశారు.

అన్నిటికంటే అడుగున నిమ్మతొక్క చుట్టిన ఆకు ఒకటి వచ్చింది. దాన్ని గుర్తుపట్టడానికి దీపం అక్కర్లేదు. అది రోసెందోదే. చప్పున జేబులో కుక్కేశాడు. ఒక్క చిటికెడే కదా, వాల్వుకేం అడ్డం అనుకున్నాడు మొదటి తారీఖున. ప్రతివాడూ అదే అనుకున్నాడు.

మేకపోతు గాంభీర్యం నాది, అని నవ్వబోతుండగా... బెజ్జం 'హుఁ' అని వెచ్చగా అతని చెంప మీద ఊదింది. పై ప్రాణాలు పైనే పోయాయి. రెండు శిలువలూ ఒకేసారి బయటికొచ్చాయి.

కళ్ళు తెరిచేసరికి ముల్లు నిలబడి ఉంది. ఆవిరి పోతోంది, మూలుగు లేదు. స్క్రూ సరిచేసి, నట్టు బిగించాడు. ఇక ఆ నిశ్శబ్దంలో ఒక్క నిమిషం కూడా నిలబడలేక, బొజ్జ సంగతి మరిచి, పరుగున పైకొచ్చాడు.

ఇలారియో దొర గేజి చూసి భుజం తట్టాడు. "నీ స్పానరు నీదే."

పాకం దగ్గర మాత్రం ఎవరూ కదల్లేదు.

"బావా... అది మూలగట్లేదు," అన్నాడు కసిమీరో గుసగుసగా.

"మూలగదురా. బాగుచేశా."

"ఇన్నాళ్ళూ మూలిగేది కాబట్టి కిందే ఉందని తెలిసేది. ఇప్పుడెక్కడికి పోయింది?"

ఒకడు తలుపు వైపు చూశాడు. ఇంకొకడు తలుపుకి దూరం జరిగాడు. పెరట్లోంచి చెరకు తోలుకురమ్మంటే ఒంటరిగా పోలేమన్నారు. నిజం చెప్దామని రోసెందో నోరు తెరిచాడు. జేబులో ఉన్న నిమ్మతొక్క గుర్తొచ్చి నోరు మూశాడు.

దొర అతన్ని పక్కకి లాక్కెళ్ళాడు.

"ముల్లు కదలకూడదు."

"కదలదు దొరా."

"కానీ... కొంచెం మూలిగేట్టు పెట్టగలవా?"

"ఎంత?"

"పైకి వినపడేంత."

రోసెందో ఆలోచించాడు. "అడుగున నీళ్ళు పోయే కుళాయి ఉంది. వెంట్రుకవాసి తెరిస్తే కూస్తుంది, ప్రెజరుకేం కాదు. కానీ మళ్ళీ దిగాలి. దీపం పట్టే మనిషి కావాలి దొరా."

దొర ఒకసారి మెట్ల వైపు చూశాడు. తర్వాత దీపం అందుకున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు ముందు నడవమంటూ దిగారు.

కుళాయి కొంచెం తిరిగింది... హూఁ...

పైనుంచి కసిమీరో గొంతు వినపడింది.

"హమ్మయ్య. ఇక్కడే ఉంది."